పెంతెకొస్తు సంఘం: కొత్తగా వచ్చేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

ఆదివారం కూడిక అయిపోయాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అడిగే ప్రశ్నలివి. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం అవే. తెలుగు రాష్ట్రాల్లోని పెంతెకొస్తు సంఘాలన్నీ ఒకే పెత్తనం కింద లేవు. అందుకే పద్ధతుల్లో తేడా ఉన్నచోట ఆ సంగతి కూడా చెప్పాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రావాలా వద్దా అనుకునేటప్పుడు

"పెంతెకొస్తు" అంటే ఏంటి? మనిషి పేరా, ఊరి పేరా?

పండుగ పేరు. గ్రీకు మాటకు "యాభయ్యోది" అని అర్థం. యూదుల పస్కా తర్వాత యాభయ్యో రోజున వచ్చే పండుగ అది. యేసు పరలోకానికి ఆరోహణమయ్యాక వచ్చిన ఆ పండుగ రోజున యెరూషలేములో కూడి ఉన్న శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చాడని, వాళ్లు నేర్చుకోని భాషల్లో మాట్లాడారని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చెబుతుంది. అంతకుముందు ప్రార్థనలో ఉన్నవాళ్లు సుమారు 120 మంది. ఆ ఒక్కరోజే చేరినవాళ్లు 3,000 మంది. ఆ అనుభవం ఆనాటితో అయిపోలేదు, ఈనాటి విశ్వాసికీ దొరుకుతుందన్నది పెంతెకొస్తు నమ్మకం. మిగతా క్రైస్తవులతో అసలు తేడా ఇక్కడే ఉంది.

ఇది అమెరికా నుంచి దిగుమతైన మతమేనా?

సగం కథ మాత్రమే అమెరికాది. 1901 జనవరి 1న కాన్సస్ రాష్ట్రం టొపీకాలో చార్లెస్ పర్హామ్ నడిపిన బైబిల్ పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్‌మన్ అనే విద్యార్థిని అలాగే నేర్చుకోని భాషలతో మాట్లాడింది. 1906 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉండి ఆ తర్వాత గోదాముగా వాడిన పాత కట్టడంలో కూడికలు మొదలయ్యాయి. వాటిని నడిపిన విలియం సీమోర్ బానిసత్వం నుంచి విడుదలైన తల్లిదండ్రుల కొడుకు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోవడమే వింతైన ఆ రోజుల్లో ఒక నల్లజాతి బోధకుడి ముందు తెల్లవాళ్లు మోకరించారు. పత్రికలు వెక్కిరించింది భాషలను ఒక్కటే కాదు, దీన్ని కూడా.

అయితే అజూసాకు ముందే, 1905లో, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో ఉజ్జీవం, అంటే విశ్వాసంలో కొత్త ఊపు, వచ్చింది. అక్కడ ప్రార్థించినవాళ్లు వితంతువులు, అనాథ బాలికలు. తర్వాతి కాలంలో కేరళలో కె.ఇ. అబ్రాహాము వంటి వాళ్ల సేవ వల్ల భారత పెంతెకొస్తు దైవ సంఘం ఏర్పడింది. 1930లలో పి.ఎం. సమూయేలు ఆంధ్రలో సేవ చేశారు. ఆ సంస్థ 1935లో రిజిస్టరైంది కేరళలో కాదు, మన ఏలూరులో. ఈ సంగతి మన విశ్వాసుల్లోనే చాలామందికి తెలియదు.

సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు, హెబ్రోను. వీళ్లందరికీ మీకూ తేడా ఏంటి?

సీఎస్‌ఐలోనూ (దక్షిణ ఇండియా సంఘం) లూథరన్ సంఘాల్లోనూ పసిపిల్లలకు నీళ్లు చిలకరించి బాప్తిస్మమిస్తారు, ఆరాధనకు రాసిపెట్టిన క్రమం ఉంటుంది. బాప్టిస్టులు ఎదిగినవాళ్లనే ముంచుతారు. ముంచడం పెంతెకొస్తువాళ్లు తెచ్చిన పద్ధతి కాదు. ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నీళ్లలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది జాన్ క్లౌ నడిపిన బాప్టిస్టు మిషన్. బక్త్ సింగ్ గారు హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా కట్టిన సంఘాలను చాలామంది పెంతెకొస్తు అనుకుంటారు. చాపల మీద కూర్చోవడం, గంటల తరబడి ఆరాధన చూసి అలా అనిపిస్తుంది. కానీ భాషలతో మాట్లాడటాన్ని వాళ్లు బోధించరు.

మీరు త్రిత్వాన్ని నమ్ముతారా? "యేసు నామంలోనే" అనేవాళ్లు ఎవరు మరి?

ఎక్కువ సంఘాలు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనే త్రియేక దేవుణ్ణే నమ్ముతాయి, మత్తయి 28:19 ప్రకారం ఆ పేరునే బాప్తిస్మమిస్తాయి. అపొస్తలుల కార్యములు 2:38 చూపించి యేసు నామంలో మాత్రమే ఇవ్వాలనే వర్గం విడిగా ఉంది. ఈ చీలిక 1916 నాటికి అమెరికాలో స్థిరపడింది, తర్వాత మన దగ్గరికీ వచ్చింది. బోర్డు మీద రెండింటికీ "పెంతెకొస్తు" అనే ఉంటుంది కాబట్టి "ఏ నామంలో బాప్తిస్మమిస్తారు?" అని ముందే అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

## మొదటిసారి వచ్చినప్పుడు

ఎంతసేపు ఉంటుంది? మధ్యలో వెళ్లిపోవచ్చా?

రెండున్నర నుంచి మూడు గంటలు అనుకోండి. ప్రార్థన, పాటలు, ఆరాధన, సాక్ష్యాలు (దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పడం), కానుక, వాక్యం, చివర ఆశీర్వాదం. వాక్యమే గంట పైన పడుతుంది. ఆలస్యమయ్యేది సాధారణంగా సాక్ష్యాల దగ్గర. రెండు నిమిషాలని లేచినవాళ్లు పుట్టినప్పటి నుంచి మొదలుపెడతారు. మధ్యలో వెళ్లాల్సి వస్తే పాట నడుస్తున్నప్పుడు లేవండి, ఎవరూ ఏమీ అనుకోరు. వెనక వరుసలో గోడవారగా కూర్చుంటే ఇంకా సులువు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ అడగండి, చాపల మీద కూర్చునే సంఘాల్లోనూ ఇస్తారు.

ముసుగు వేసుకోవాలా? నగలు తీసేయాలా?

ప్రార్థించేటప్పుడు స్త్రీ తల కప్పుకోవాలన్న 1 కొరింథీ 11వ అధ్యాయాన్ని బట్టి చాలా తెలుగు సంఘాల్లో ఆడవాళ్లు కొంగో చున్నీయో తలమీద వేసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు వేసుకోకపోయినా ఎవరూ పట్టించుకోకూడదు. పట్టించుకుంటే అది ఆ సంఘం మర్యాద లోపం. నగల విషయంలో సంఘాలు రెండు రకాలు. కేరళ ప్రభావం ఉన్నచోట బాప్తిస్మం తీసుకున్నవాళ్లు బంగారం పెట్టుకోరు, తెల్లబట్టలు కట్టుకుంటారు. మిగతాచోట్ల అణకువగా ఉంటే చాలంటారు. నగలు తీస్తేనే రక్షణ (పాపం నుంచి విడుదల) అని ఎవరైనా అంటే వచనం చూపించమనండి.

అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థిస్తుంటే భయమేసింది. ఎందుకలా?

ఒకరు ప్రార్థిస్తే మిగతావాళ్లు వినడం ఒక పద్ధతి. ఎవరి ప్రార్థన వాళ్లు ఒకేసారి నోరు తెరిచి చేయడం ఇంకో పద్ధతి. అపొస్తలుల కార్యములు 4:24లో విశ్వాసులు ఏకమనసుతో బిగ్గరగా ప్రార్థించారని ఉంది, దాన్ని అనుసరించి చేస్తారు. ఇది అయిదు పది నిమిషాలకు మించదు, కాపరి (పాస్టర్) ఒక పాట ఎత్తుకోగానే తగ్గుతుంది. మీరు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చున్నా తప్పు లేదు. అసలు భయపెట్టేది చాలాసార్లు ప్రార్థన కాదు, చిన్న గదిలో పెట్టిన పెద్ద స్పీకర్లు.

కానుకల సంచి నా ముందుకొస్తే వేయాల్సిందేనా?

అక్కర్లేదు. పక్కవాళ్లకు అందించండి.

రొట్టె, ద్రాక్షారసం నాకూ ఇస్తారా? అది సారాయా?

సారాయి కాదు, పులియని రసం. చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం, కొన్నిట్లో ప్రతివారం ఇస్తారు. నీటి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇవ్వడం మన దగ్గర వాడుక. మిగతావాళ్లు పళ్లెం వచ్చినప్పుడు తీసుకోకుండా ఉంటే సరిపోతుంది.

తయారుచేసే బాధ్యత మీకు అప్పగిస్తే, కిలో నల్లద్రాక్షను కడిగి, మునిగేటన్ని నీళ్లు పోసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి. చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టండి. గింజలు నలిగేలా పిండితే రసం వగరెక్కుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన సీసాలో పోయండి. చిన్న కప్పుల్లో అయితే సుమారు 60 మందికి వస్తుంది. శనివారం సాయంత్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. గురువారమే చేసి బయట ఉంచితే ఆదివారానికి పులిసి నురగ కడుతుంది. మూత తీయగానే బుస్సుమంటే దాన్ని పారబోయాల్సిందే.

## భాషలు, ప్రవచనం, స్వస్థత

ఆరేళ్లుగా వస్తున్నా భాషలు రాలేదు. నాకు రక్షణ లేనట్టేనా?

కాదు. రక్షణ, నీటి బాప్తిస్మం, ఆత్మ బాప్తిస్మం మూడూ వేర్వేరు. రక్షణ క్రీస్తు మీద విశ్వాసంతో వస్తుంది. ఆత్మ బాప్తిస్మం సాక్షిగా నిలబడటానికి కావలసిన శక్తి. దానికి మొదటి గుర్తు భాషలతో మాట్లాడటమని ఎక్కువ పెంతెకొస్తు సంఘాలు బోధిస్తాయి. ఆ గుర్తు అందరికీ తప్పనిసరి అని ముక్తి మిషన్ రమాబాయి ఒప్పుకోలేదు. అంటే ఈ వాదన ఉద్యమమంత పాతది.

ఎక్కడ చెడుతుందంటే, ఆత్మ బాప్తిస్మం కోసం కనిపెట్టుకుని ఉండే కూడికల్లో కొందరు అత్యుత్సాహంతో "హల్లెలూయా వేగంగా అను, ఇంకా వేగంగా" అని తరుముతారు. వేగంగా అంటే నాలుక తడబడుతుంది, ఆ తడబాటునే వరమంటారు. ఆ మనిషి ఇంటికెళ్లాక తనను తానే అనుమానించుకుంటాడు. ఇంకొందరు నుదుటి మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తారు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో కొర్నేలీ ఇంట్లో పేతురు ఎవరినీ తోయలేదు, ఏమీ పలికించలేదు. వాక్యం చెబుతుండగానే ఆత్మ దిగాడు. మీ తలమీద చెయ్యి బరువుగా అనిపిస్తే "అయ్యగారూ, నెమ్మదిగా" అనే హక్కు మీకుంది.

కూడిక మధ్యలో ఒకావిడ లేచి భాషలతో మాట్లాడింది. ఎవరికీ అర్థం కాలేదు. అది సరైనదేనా?

1 కొరింథీ 14:27-28 చాలా స్పష్టంగా ఉంది. ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. ఎవరైనా అర్థం చెప్పాలి. చెప్పేవాళ్లు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి తనలో తాను దేవునితో మాట్లాడుకోవాలి. కాపరి ఒకరిని సున్నితంగా ఆపితే ఆత్మను ఆర్పినట్టు కాదు.

ఒక సేవకుడు నా గురించి ప్రవచనం చెప్పి ఉద్యోగం మానేయమన్నాడు. ఏం చేయాలి?

వెంటనే రాజీనామా మాత్రం రాయకండి. ప్రవచనాన్ని తృణీకరించవద్దన్న వచనం తర్వాతిదే సమస్తాన్నీ పరీక్షించమంటుంది (1 థెస్సలొనీక 5:20-21). చెప్పిన మాటలు, తేదీతో సహా, కాగితం మీద పెట్టండి. మీ సొంత కాపరికీ పెద్దలకూ చూపించండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. డబ్బు, పెళ్లి, ఆస్తి అమ్మకం, ఉద్యోగం, ఈ నాలుగు విషయాల్లో ఏకాంతంగా పిలిచి, తొందరపెట్టి, ఎవరికీ చెప్పొద్దని చెప్పే ప్రవచనాన్ని పక్కన పెట్టండి. గోప్యత అడిగే ప్రవచనాన్ని పరీక్షించే వీలే ఉండదు, అక్కడే అది నిలవకుండా పోతుంది.

ప్రార్థన చేయించుకున్నాను. ఇక మాత్రలు ఆపేయాలా?

ఆపొద్దు. దేవుడు స్వస్థపరుస్తాడని నమ్ముతాం, యాకోబు 5:14 ప్రకారం పెద్దలు నూనె రాసి ప్రార్థిస్తారు. స్వస్థత వస్తే అది పరీక్షలో కనిపిస్తుంది. మందు తగ్గించాల్సింది డాక్టరు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఆపేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారవచ్చు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానితే ఫిట్స్ వరుసగా రావచ్చు. ఇన్సులిన్ మానితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని పాత సంఘాల్లో సేవకులు మందులు వాడకూడదనే నియమం ఉంది, దాన్ని విశ్వాసుల నెత్తిన రుద్దడం వల్ల ప్రాణాలు పోతాయి.

షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాస కూడికకు వచ్చి తిని ప్రార్థించవచ్చు.

ప్రార్థన నూనె, రుమాలు డబ్బుకు ఇస్తున్నారు. కొనాలా?

కొనకండి. వంటింట్లో ఉన్న నూనె చాలు. దేవుని వరాన్ని డబ్బుతో కొనాలనుకున్న సీమోనును పేతురు ఎంత గట్టిగా గద్దించాడో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో చదవండి. అమ్మేవాళ్లకూ ఆ గద్దింపు వర్తిస్తుంది.

## బాప్తిస్మం తీసుకోవాలనుకున్నప్పుడు

చిన్నప్పుడు చిలకరించారు. మళ్లీ ముంచుతారా?

ముంచుతారు. తానుగా నమ్మి ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మమని, అది పాతిపెట్టబడి లేవడానికి గుర్తు (రోమా 6:4) కాబట్టి పూర్తిగా మునగాలని పెంతెకొస్తు బోధ. చిన్నప్పటిదాన్ని హేళన చేయాల్సిన పని లేదు. వయసు ఇంత అని వచనం లేదు, చాలామంది కాపరులు పన్నెండు పద్నాలుగేళ్లు దాటాకే ఇస్తారు. అంతకుముందు కొన్ని వారాల పాఠాలు ఉంటాయి.

నీళ్లంటే భయం. నీళ్లలో సరిగ్గా ఏం జరుగుతుంది?

నీళ్లు మీ నడుము పైకి, ఛాతీ కిందికి ఉండాలి. సుమారు మూడున్నర అడుగులు. తక్కువైతే మనిషి మునగడు, ఎక్కువైతే కాపరికి కాలు నిలవదు. మీరు చేతులు ఛాతీ మీద మడిచి, ఒక చేత్తో కర్చీఫ్ అడ్డుపెట్టి ముక్కు మూసుకుంటారు. కాపరి ఒక చెయ్యి మీ చేతుల మీద, ఇంకోటి మెడ వెనక వేస్తారు. లావుపాటివాళ్లకైతే రెండోవైపు ఒక పెద్ద నిలబడతారు. విశ్వాసం గురించి అడుగుతారు, మీరు ఒప్పుకుంటారు, వెనక్కి వాలుస్తారు. నీళ్ల కింద ఉండేది రెండు మూడు సెకన్లే.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. కొందరు భయంతో మోకాళ్లు వంచి కూర్చుండిపోతారు, తల పైనే ఉంటుంది, మళ్లీ ముంచాల్సి వస్తుంది. వాల్చేటప్పుడు నడుము బిగపట్టకుండా, ఒక కాలు కాస్త ముందుకు పెట్టి వాలిపోండి. కొందరు కాపరి చొక్కా పట్టుకుంటారు, ఇద్దరూ జారతారు. ఇంకొందరు భక్తిగా "ఆమేన్" అంటూ నోరు తెరిచే మునుగుతారు, గుటకేస్తారు. ఆమేన్ పైకి లేచాక అనండి.

కాలువలో, నదిలో అయితే నీరు వచ్చే దిక్కుకు వీపు పెట్టి నిలబడాలి. అప్పుడు లేచేటప్పుడు ప్రవాహమే తోస్తుంది, ముక్కులోకి నీళ్లు పోవు. కృష్ణా, గోదావరి కాలువలు వేసవిలో కట్టేస్తారు. మళ్లీ వదిలిన కొత్తలో ఒరవడి ఎక్కువ, అడుగు కనబడదు. ఆ రోజుల్లో సంఘంలోని తొట్టే నయం. మూర్ఛ, చెవి కర్ణభేరికి రంధ్రం, గుండె జబ్బు, గర్భం ఉంటే వారం ముందే చెప్పండి.

బట్టలు ముదురు రంగువి, మందపాటివి. ఆడవాళ్లకు చీరకంటే చుడీదార్ మేలు, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. తువ్వాలు, మార్చుకునే జత, తడిబట్టలకు కవరు తెచ్చుకోండి. కళ్లజోడు ఒడ్డునే ఎవరికైనా ఇవ్వండి.

బాప్తిస్మం తీసుకుంటే నా ఎస్సీ సర్టిఫికెట్ ఏమవుతుంది?

దీనికి సూటిగా జవాబు చెప్పకుండా దాటేసే కాపరులే ఎక్కువ. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవ్యం స్వీకరించిన ఎస్సీలు, వాళ్ల సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఆ రిజర్వేషను 1 శాతం. ఎస్టీలకు మతంతో ముడిపెట్టిన ఇలాంటి నిబంధన లేదు.

"కాగితంలో అలాగే ఉండనీ, దేవునికి తెలుసు" అనే సలహా వినకండి. ఫిర్యాదు వస్తే 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద విచారణ జరిపి సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు, దాని మీద వచ్చిన సీటూ ఉద్యోగమూ పోవచ్చు. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ, పోరాటం నడుస్తూనే ఉంది. నీళ్లలోకి దిగేముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది.

పేరు మార్చుకోవాలా?

వద్దు. ఆధార్, మార్కుల మెమోలు, పట్టాదారు పుస్తకం అన్నీ తికమకవుతాయి. బైబిల్లో అలా అడగలేదు.

## సంఘంలో కుదురుకున్నాక

దశమభాగం మొత్తం జీతం మీదా, చేతికొచ్చినదాని మీదా?

మలాకీ 3:10 చూపించి పదోవంతు ఇవ్వమంటారు. కొత్త నిబంధనలో శాతం లేదు, సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమని ఉంది (2 కొరింథీ 9:7). పీఎఫ్ కోతకు ముందా తర్వాతా అన్నది మీ మనస్సాక్షి. అప్పు తెచ్చి ఇవ్వకండి. ఇంటి అద్దె ఆపి ఇవ్వకండి.

సంఘం లెక్కలు అడిగితే అవిశ్వాసమా?

కాదు. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేయవచ్చు. నమోదైతే లెక్కలు రాయాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. కానుకలు ఆ రోజే, ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కించి, పుస్తకంలో సంతకాలు పెట్టి, బ్యాంకులో వేయడం మంచి పద్ధతి. కాపరి ఒక్కరే సంచి ఇంటికి తీసుకెళ్లడం ఆయన నిజాయితీపరుడైనా ఆయనకే ప్రమాదం, ఎవరైనా ఏదైనా అన్నప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. స్థలం ఎవరి పేరు మీద ఉందో కూడా అడగండి. కాపరి సొంత పేరున ఉన్న మందిరాలు ఆయన తర్వాత వారసుల మధ్య కోర్టుకెక్కుతాయి.

మా పాస్టర్ గారే పెళ్లి చేస్తే చెల్లుతుందా?

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ఆయనకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. తేదీ పెట్టుకునే ముందే లైసెన్సు నకలు చూడండి. వధూవరుల్లో ఒకరైనా క్రైస్తవులై ఉండాలి, వరుడికి 21, వధువుకు 18 నిండాలి, ఇద్దరు సాక్షులు కావాలి. మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. రాత్రి పందిట్లో పెళ్లి పెట్టుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. లైసెన్సు లేకపోతే ఫొటోలు మిగులుతాయి గానీ, వీసాకో పెన్షనుకో పనికొచ్చే సర్టిఫికెట్ రాదు.

ఆడవాళ్లు వాక్యం చెప్పొచ్చా?

చెబుతారు. మహిళా కూడికల్లో వాళ్లే, చాలాచోట్ల ఆదివారం కూడా. కాపరిగా అభిషేకించడంలో మాత్రం సంఘాలు విడిపోతాయి, తెలుగునాట ఇవ్వనివే ఎక్కువ. నిజానికి ఊళ్లలో ఇంటింటికీ తిరిగి ప్రార్థించి సంఘాన్ని నిలబెట్టేది కాపరి భార్య, పాస్టరమ్మగారే, బోర్డు మీద మాత్రం ఆమె పేరుండదు.

పక్కింటివాళ్లు మైకు గురించి ఫిర్యాదు చేశారు. ఇది హింసా?

చాలాసార్లు కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ కూడదు. ఆల్‌నైట్ ప్రార్థనలో పది కొట్టగానే హారన్ తీసేసి, లోపల వినబడేంత పెట్టుకోండి. ఫిర్యాదు చేసినవాళ్ల ఇంటికి పెద్దలు ఒకసారి వెళ్లి మాట్లాడితే సగం గొడవ అక్కడే తీరుతుంది.

కొత్త ఊళ్లో సంఘం ఎలా మొదలవుతుంది?

ముందు మందిరం కట్టరు. ఆ ఊళ్లో ఒక కుటుంబం పిలుస్తుంది, వారానికోసారి సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన జరుగుతుంది. నాలుగైదు ఇళ్లయ్యాక పిల్లలకు సండే స్కూల్, ఆ తర్వాత అద్దె గదో రేకుల షెడ్డో. బియ్యం, చదువు, వైద్యం ఎర చూపి పిలవకూడదు. సాయం చేస్తే ఎవరికైనా ఒకేలా చేయాలి. ఎర చూసి వచ్చినవాళ్లు అది ఆగగానే వెళ్లిపోతారు, పైగా ఊళ్లో చెడ్డపేరు మిగులుతుంది.

ఊరు మారుతున్నాం. సంఘం నుంచి లెటర్ కావాలా?

తీసుకోండి. బాప్తిస్మం తేదీ, స్థలం, ఇచ్చిన కాపరి పేరు ఉంటే చాలు. పెళ్లికి, సమాధి స్థలానికి, కొత్త సంఘంలో బల్లలో (రొట్టె, ద్రాక్షారసంలో) పాలుపొందడానికి అదే అడుగుతారు. కాపరి కోపంతో ఇవ్వనంటే బాప్తిస్మమప్పుడు ఉన్న ఇద్దరు పెద్దల చేత రాయించుకున్నా చాలా సంఘాలు ఒప్పుకుంటాయి.